ఉప్పల్ దాటాక ఏముంది?

హైటెక్ సిటీ ఆఫీసుల్లో కొత్తగా పరిచయమైన వాళ్ళు అడిగే రెండో ప్రశ్న "ఎక్కడుంటావ్?" అని. (మొదటిది ఏ టెక్నాలజీ మీద పని చేస్తున్నావని.) నేను "ఉప్పల్" అంటాను. నిజానికి ఉండేది పీర్జాదిగూడలో. కానీ ఆ పేరు చెప్తే ఎదుటివాడి మొహంలో ఏమీ కదలదు. ఉప్పల్ అంటే కనీసం క్రికెట్ గుర్తొస్తుంది. ఆ తర్వాతి డైలాగు మాత్రం ఖాయం. "అమ్మో, అంత దూరమా? ఇటువైపు షిఫ్ట్ అయిపోవచ్చుగా, అక్కడేముంది?"

దూరం నిజమే, దాని గురించి నేను వాదించను. రోజూ పొద్దున్నే షేర్ ఆటో, మెట్రో, అన్నీ అయ్యేసరికి మనిషికి సగం పని చేసినంత అలసట. కానీ ఆ "అక్కడేముంది?" మాత్రం నాకు అరగదు. ఇంట్లో కూడా ఈ మధ్య ఇదే చర్చ నడుస్తోంది. ఇల్లు అమ్మేసి కొండాపూర్ వైపు ఫ్లాట్ తీసుకుందామని నేను, చూద్దాంలే అని నాన్న. అమ్మేసే ముందు అమ్ముతున్నది ఏమిటో ఒకసారి లెక్క చూసుకోవాలి కదా. అందుకే ఇదంతా.

ఆ మధ్య ప్రాజెక్టు పని మీద ఆరు నెలలు ఎడిన్‌బరోలో ఉన్నాను. ఆఫీసు ఊరికి పడమరన, గది పక్కనే కోర్‌స్టార్ఫిన్ అనే శివారులో. అది వాళ్ళ ఉప్పల్ అనుకోండి. ఒకప్పుడు వేరే పల్లె, 1920లో ఎడిన్‌బరోలో కలిసిపోయింది. అక్కడ 15వ శతాబ్దం నాటి చర్చి ఒకటుంది. చుట్టూ ఉన్న చిత్తడి నేల దాటి వచ్చే బాటసారులకి దారి తెలియాలని దాని తూర్పు గోడలో ఒక గూడు కట్టి దీపం పెట్టేవారట. 16వ శతాబ్దపు పావురాల గూడు ఇంకోటి. ఇవి చాలవన్నట్టు ఒక చెట్టు! 1998 డిసెంబరు గాలివానకి కూలిపోయిన పాత సైకమోర్ చెట్టు కథ కూడా అక్కడివాళ్ళు శ్రద్ధగా రాసిపెట్టుకున్నారు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కుళ్ళు పుట్టింది. పడిపోయిన చెట్టుకున్నంత చరిత్ర, 2011 లెక్కల్లోనే 50 వేలు దాటిన మా ఊరికి లేకపోవడమేంటి?

ముందు పేర్లతో మొదలుపెడదాం. పీర్ అంటే సూఫీ గురువు, పీర్‌జాదా అంటే ఆ గురువు వంశంలోనివాడు. గూడ మన గూడేనికి చుట్టం. ఫార్సీ మనిషి తెలుగు పల్లెలో కాపురం పెట్టినట్టు ఉంది కదూ. పాత కాగితాల్లో ఉప్పల్ పూర్తి పేరు ఉప్పల్ కలాన్. కలాన్ అంటే పెద్దది. పక్కనే ఉప్పల్ భగాయత్. బాగ్ అంటే తోట కాబట్టి అది తోటల భూమి. హబ్సిగూడ పేరులో ఉన్నవాళ్ళు హబ్షీలని, అంటే ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం కొలువులో చేరినవాళ్ళని చెప్పుకుంటారు. రోజూ మెట్రోలో "తదుపరి స్టేషన్ హబ్సిగూడ" అని వింటూ ఇథియోపియా దాకా ఆలోచించేవాళ్ళు మాత్రం తక్కువే. కోటలూ బురుజులూ కావాలంటే ఇదే వరంగల్ రోడ్డు పట్టుకుని భువనగిరి దాకా వెళ్ళాలి. మా దగ్గర ఉన్నవి వేరే రకం.

అన్నిటికంటే పాతది మూసీ. ఊరికి దక్షిణాన, పర్వతాపూర్ పక్కనుంచి పోతుంది. హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గరున్నవాళ్ళకి మూసీ అంటే 1908 వరద, హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి. మాకు మూసీ అంటే నగరం వాడి వదిలేసిన నీళ్ళు. ఆ నీళ్ళే ఇక్కడ పంట. నాన్న ఇక్కడ 150 గజాల ప్లాటు కొన్నది 2003లో. అప్పటి సంగతులు అడిగితే ఆయన మొదట చెప్పేది గడ్డి గురించే.

"అప్పుడు మూసీ పొంటి అంత గడ్డే బిడ్డా. మనిషి మునిగేంత ఎత్తు. పొద్దుగాల నాలుగింటికే కోసి మోపులు కట్టి పట్నం పంపెటోళ్ళు."

అది పారాగడ్డి. మురుగు నీళ్ళకి ఏడాది పొడుగునా పెరుగుతుంది, కోస్తుంటే మళ్ళీ వస్తుంది. నగరంలోని తబేలాలకి, బర్రెల కొట్టాలకి అదే మేత. నేను ఇది నాన్న చెప్పే పాత కబుర్లలో ఒకటి అనుకునేవాణ్ణి. తర్వాత వెతికితే తెలిసింది, 2000ల మొదట్లో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు సరిగ్గా ఈ గడ్డి మీదే పని చేశారని. పీర్జాదిగూడ, పర్వతాపూర్, కాచివాని సింగారం, కొర్రెముల... మా పక్క ఊళ్ళ పేర్లన్నీ ఇంగ్లీషు పేపర్లలో కనిపిస్తుంటే వింతగా అనిపించింది. కరువు రోజుల్లో కూడా తప్పకుండా వచ్చే నీళ్ళు మురుగునీళ్ళే కాబట్టి వాటి మీద ఎన్ని కుటుంబాలు బతికాయో రాశారు. ఆ పొలాల్లో దిగి పని చేసేవాళ్ళకి కొంకిపురుగుల బెడద ఎక్కువని కూడా రాశారు. రెండూ నిజాలే. మొదటిది చెప్పి రెండోది దాచేస్తే అది మా ఊరి చరిత్ర కాదు, రియల్ ఎస్టేట్ బ్రోచర్ అవుతుంది.

కాబట్టి హైదరాబాద్ పొద్దున్నే తాగిన చాయ్‌లో పాల వెనకాల మా ఊరి గడ్డి ఉంది, ఆ గడ్డి వెనకాల హైదరాబాద్ మురుగు ఉంది. "అక్కడేముంది" అన్నవాళ్ళకి నేను చెప్పాల్సిన మొదటి జవాబు ఇదే అనుకుంటా. ఇంకో చిత్రం, నాన్న సొంతూరు వలిగొండ దగ్గర. అక్కడా మూసీనే, కత్వల కింద వరి పండేది ఆ నీళ్ళతోనే. "ఊళ్ళె మూసీ పారకం బువ్వే తిన్నం, పట్నమొస్తే ఈడ గూడ గదే మూసీ" అంటాడు. ఆ ప్లాటు ఎంచుకోవడానికి అదో కారణమేమో అని నా అనుమానం. ఆయన మాత్రం ధర తక్కువని కొన్నానంటాడు.

తర్వాత శుద్ధి కేంద్రాలు వచ్చాయి. అంబర్‌పేటలో రోజుకి 339 మిలియన్ లీటర్లది, నాగోల్‌లో 172, ఉప్పల్ నల్లచెరువు దగ్గర 30. మొత్తం ఊరు ఫ్లష్ కొట్టింది తూర్పుకే వచ్చి చేరుతుంది. ఆ వాసనకి ముక్కు మూసుకునేవాళ్ళకి 2020 గుర్తుచేయాలి. కరోనా ఎంతమందికి సోకిందో పరీక్షలకి అందని రోజుల్లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు శుద్ధి కేంద్రాల మురుగునీళ్ళలో వైరస్ జాడ వెతికి, నగరంలో పాకిన తీరుని అంచనా కట్టారు. ఆ రెండు సంస్థలూ ఉన్నది మా దారిలోనే.

ఆ దారి గురించి చెప్పాలి. తార్నాక నుంచి ఉప్పల్ దాకా ఉన్న రోడ్డు నా దృష్టిలో హైదరాబాద్‌లో అన్నిటికంటే చదువుకున్న రోడ్డు. హైదరాబాద్ సంస్థానం 1944లో మొదలుపెట్టిన పరిశోధనశాలే ఇప్పటి ఐఐసీటీ. 1961లో ఎన్‌జీఆర్‌ఐ వచ్చింది. 1977లో మొదలైన సీసీఎంబీ 1987లో ఇప్పుడున్న భవనాన్ని జాతికి అంకితం చేసుకుంది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ. దేశానికి మ్యాపులు గీసేవాళ్ళు చదువుకునే చోటు ఉప్పల్‌లో ఉంటే, హైటెక్ సిటీ వాళ్ళ మ్యాపులో ఉప్పల్ లేకపోవడం ఏం న్యాయం చెప్పండి?

ఎన్‌జీఆర్‌ఐ గోడ పక్కనుంచి కొన్ని వేలసార్లు వెళ్ళి ఉంటాను. లోపల భూమి కదలికలు వింటూ కూర్చునేవాళ్ళు ఉంటారని చిన్నప్పుడు ఎవరో చెప్తే, బస్సు వెళ్ళినప్పుడు కూడా వాళ్ళకి తెలుస్తుందేమో అనుకునేవాణ్ణి. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చి మా ఇంట్లో గిన్నెలు కదిలినప్పుడు, టీవీ వాళ్ళు మైకులు పట్టుకుని పరిగెత్తింది అక్కడికే. మా అమ్మకి మాత్రం ఎన్‌జీఆర్‌ఐ అంటే ఇప్పటికీ బస్ స్టాపే.

ఇక నాచారం. సినిమా ఇక్కడ మద్రాసు నుంచి దిగుతున్న రోజుల్లో అక్కినేని బంజారాహిల్స్ కొండలెక్కి 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరిస్తే, ఎన్టీఆర్ తూర్పున నాచారంలో రామకృష్ణా స్టూడియోకి చోటు చూసుకున్నారు. రామకృష్ణా పతాకం మీదే 1977 సంక్రాంతికి 'దానవీరశూరకర్ణ' వచ్చింది. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ముగ్గురూ తనే, దర్శకుడూ తనే. 2018 మార్చి 29న బాలకృష్ణ తండ్రి జీవితం మీద సినిమా మొదలుపెట్టింది కూడా నాచారం స్టూడియోలోనే. ఇద్దరు హీరోలు రెండు దిక్కులు ఎంచుకున్నారు, భూముల ధరలు ఒక దిక్కే ఎంచుకున్నాయి. మా నాన్న ఎన్టీఆర్ అభిమాని కాబట్టి ఈ వాక్యం ఆయనకి చదివి వినిపించను.

కానీ నాచారం అంటే నాకు స్టూడియో కాదు, కంపెనీలు. ఇక్కడ ఫ్యాక్టరీని ఫ్యాక్టరీ అనరు, కంపెనీ అంటారు. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో మందులు, ప్లాస్టిక్, ఇనుము, దారం, బిస్కెట్లు ఏదో ఒకటి తయారవుతూనే ఉండేది. నల్గొండ, వరంగల్ జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు బస్సు దిగే చోటు ఉప్పల్ రింగ్‌రోడ్డు, పని దొరికే చోటు నాచారం, జ్వరమొస్తే నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి, అద్దె గది రామంతాపూర్‌లోనో చిలుకానగర్‌లోనో, నాలుగు రూపాయలు మిగిలితే బోడుప్పల్, పీర్జాదిగూడలో గజాల లెక్కన ఒక ముక్క. ఒక తరం జీవితం మొత్తం పది కిలోమీటర్ల లోపలే అయిపోయింది. మా నాన్న 19 ఏళ్ళు అలాంటి కంపెనీలోనే మిషన్ మీద పని చేశాడు. (దాని పేరు చెప్పను, మూతపడినప్పుడు ఇవ్వాల్సినవి సరిగ్గా ఇవ్వలేదు, ఆ గొడవ ఇక్కడెందుకు.) నా ఇంజినీరింగ్ ఫీజు కొంత ఆ షిఫ్టులదే, కొంత ప్రభుత్వ రీయింబర్స్‌మెంటుది.

ఆ కంపెనీల జాగాలు ఒక్కోటీ మారిపోతున్నాయి. ఉప్పల్ పారిశ్రామికవాడలో జెన్‌ప్యాక్ట్ క్యాంపస్ వచ్చినప్పుడు, ఆ తర్వాత పోచారంలో ఇన్ఫోసిస్ వచ్చినప్పుడు, ఇంక తూర్పుకి మంచి రోజులే అన్నారు. 2020లో ఐటీని నగరం నలుమూలలకీ పంచుతామని ప్రభుత్వం గ్రిడ్ పాలసీ కూడా తెచ్చింది. నేను మాత్రం ఇప్పటికీ పడమరకే వెళ్తున్నాను. 2025 నవంబరులో హిల్ట్ పాలసీ వచ్చింది. 22 పారిశ్రామికవాడల్లోని 9 వేల పైచిలుకు ఎకరాలని ఇళ్ళకీ ఆఫీసులకీ మార్చుకోవడానికి వీలు కల్పించేది. నాచారం, ఉప్పల్ అందులో ఉన్నాయి. కాలుష్యం తగ్గుతుందనేది ఒప్పుకుంటాను. నాచారంలో రాత్రిపూట వచ్చే ఘాటు వాసన పీల్చినవాడెవడూ కంపెనీలు ఉండాలని కోరుకోడు. కానీ అక్కడ ఎవరు ఏం తయారు చేశారో ఒక్క ముక్క రాసి పెట్టకుండా టవర్లు లేపేస్తారు, పైన "హెరిటేజ్" అనో "రాయల్" అనో పేరు పెడతారు. దాని మీదే నా కడుపుమంట.

స్టేడియం గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. 2005 నవంబరు 16న దక్షిణాఫ్రికాతో మొదటి వన్డే. 2009 నవంబరు 5న ఆస్ట్రేలియా మీద 351 కొట్టాల్సిన రోజు సచిన్ 175 చేస్తే మనం 3 పరుగులతో ఓడిపోయాం. అప్పుడు నాకు పన్నెండేళ్ళు లోపే, ఆ రాత్రి మా వీధిలో ఎవరూ మాట్లాడుకోలేదు. 2017, 2019 ఐపీఎల్ ఫైనళ్ళు రెండూ ఇక్కడే, రెండూ ఒకే ఒక్క పరుగుతో ముంబయి గెలిచింది. బోర్డు మీద రాజీవ్ గాంధీ పేరుంటుంది గానీ జనం ఉప్పల్ స్టేడియం అనే అంటారు. మ్యాచ్ రోజు మాకు క్రికెట్ కనపడదు, ట్రాఫిక్ కనపడుతుంది.

అసలు ఇప్పుడు మా దగ్గర ల్యాండ్‌మార్క్ అంటే పిల్లర్లే. మెట్రోకి 2012లో ఇటువైపే పిల్లర్లు లేచాయి. నాగోల్ నుంచి మెట్టుగూడ దాకా ముక్క ముందే తయారైనా, అది ఖాళీగా చూస్తూ ఊరుకున్నాం. చివరికి 2017 నవంబరులో నాగోల్ నుంచి మియాపూర్ దాకా ఒకేసారి తెరిచారు. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటేవాళ్ళం, 2023 జూన్‌లో 660 మీటర్ల స్కైవాక్ వచ్చాక ముసలివాళ్ళు కూడా నింపాదిగా దాటుతున్నారు. బాగున్నదాన్ని బాగుందనాలి.

ఇంకో రకం పిల్లర్లు ఉన్నాయి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్‌కి 2018లో శంకుస్థాపన చేశారు. నేను ఇంజినీరింగ్‌లో ఉన్నాను అప్పుడు. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, కరోనా వచ్చి పోయింది, ఎడిన్‌బరో వెళ్ళొచ్చాను, 2025 అయిపోయింది. కారిడార్ పూర్తి కాలేదు. వరంగల్, యాదగిరిగుట్ట, మేడారం వెళ్ళే బస్సులన్నీ ఆ పిల్లర్ల కింద ఇరుకులోంచే వెళ్ళాయి. ఒక వానాకాలం రాత్రి నాన్న స్కూటీ నీళ్ళు నిండిన గుంతలో పడి కుడి మణికట్టు విరిగింది. 19 ఏళ్ళు మిషన్ మీద ఒక్క గాయం కాని చెయ్యి. ఆ ప్లాస్టర్ చేత్తోనే, "పిల్లర్ల మీద పేర్లు చెక్కి పెడితే రేపటికి శాసనాలైతయ్" అని జోకేశాడు. నాకు నవ్వు రాలేదు.

వానంటే గుర్తొచ్చింది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు పడింది. ఉప్పల్ నల్లచెరువు కింద, రామంతాపూర్‌లో కాలనీలు మునిగాయి. చెరువు అనే పేరు ఉన్న చోట ఇల్లు కడితే ఏమవుతుందో ఆ పేరే చెప్తూనే ఉంది. పేర్లు చదవడం నేర్చుకోవాలి అని నేను పైన అంత సోది చెప్పింది ఇందుకే.

ప్రభుత్వ కాగితాల్లో మా చరిత్ర ఇంకా వేగం. మేము ప్లాటు కొన్నప్పుడు రంగారెడ్డి జిల్లా, ఘట్‌కేసర్ మండలం, పీర్జాదిగూడ గ్రామపంచాయతీ. 2007లో ఉప్పల్ జీహెచ్‌ఎంసీలో కలిసిపోతే మేం బయటే ఉండిపోయాం. 2016లో పీర్జాదిగూడ, మేడిపల్లి, పర్వతాపూర్ కలిపి మున్సిపాలిటీ చేశారు, అదే ఏడాది అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది, మండలం మేడిపల్లి అయింది. 2019లో కార్పొరేషన్. 2020 జనవరిలో ఎన్నికలు. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 26 పట్టణాలతో పాటు జీహెచ్‌ఎంసీలో విలీనం. పంచాయతీ నుంచి మహానగరం దాకా పదేళ్ళు కూడా పట్టలేదు. మా ఇంట్లో నలుగురి ఆధార్ కార్డుల మీద మూడు రకాల చిరునామాలున్నాయి, ఇల్లు మాత్రం ఒక్క అంగుళం కదల్లేదు.

ఈ వివరాలన్నీ పోగేస్తూ నాన్నని నెల రోజులు విసిగించాను. ఇల్లు అమ్మడం గురించి ఇద్దరం మాట్లాడుకోవడం ఆగిపోయింది, తేలలేదు గానీ ఆగిపోయింది. ఒక ఆదివారం తన పాత కంపెనీ ఎక్కడో చూపిస్తానని బయల్దేరదీశాడు. హబ్సిగూడలో నాచారం షేర్ ఆటో ఎక్కి, ఆయన అలవాటుగా ఆ కంపెనీ పేరే చెప్పాడు. అది మూతపడి పదేళ్ళు దాటింది. గేటు మీద అక్షరాలు కూడా లేవట.

డ్రైవర్ కుర్రాడు అద్దంలోంచి చూశాడు. "గా పేరు మీద ఈడ ఏం లేదు పెద్దాయనా. లొకేషన్ ఉన్నదా?"

"ఉన్నది" అన్నాడు నాన్న. "నేను చెప్పినకాడ ఆపు."